ముప్పై ఆరు ఒంటెలు, రెండు బ్రాకెట్లు

(లెక్కల బాట: 17వ భాగం)

ఒంటెల మందలో నాలుగో వంతు అడవిలో కనబడింది. మొత్తం మంద సంఖ్యకు వర్గమూలం తీస్తే ఎంతొస్తుందో, దానికి రెండింతలు కొండవాలు ఎక్కిపోయాయి. పదిహేను మాత్రం ఏటి ఒడ్డున నిలబడి ఉన్నాయి. మందలో ఒంటెలు మొత్తం ఎన్ని?

క్రీ.శ. 850 ప్రాంతంలో ఈ లెక్క అడిగినవాడు మహావీరాచార్యుడు. జైనుడు, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి కాలంవాడు. పుస్తకం పేరు గణితసారసంగ్రహం. జవాబు 36. నాలుగో వంతు 9, వర్గమూలం 6 కాబట్టి దాని రెండింతలు 12, ఒడ్డున 15. కూడితే సరిపోయింది. జవాబు చెప్పాక సరిచూడటం ఎవరికైనా వస్తుంది. చెప్పకముందు దాన్ని పట్టుకోవడం ఎట్లా అన్నదే ఈ భాగం కథ. పోయిన భాగంలో 628లో బ్రహ్మగుప్తుడు సున్నాకూ రుణ సంఖ్యలకూ నియమాలు రాసిన సంగతి చెప్పుకున్నాం. ఆ రెండూ ఇక్కడ మళ్లీ అవసరపడతాయి.

ఇదే లెక్కను ఇవాళ ఆసిఫాబాద్‌లో పదో తరగతి పిల్లలకు ఇచ్చామనుకోండి. సారు బోర్డు మీద చేయించే పని ఇది. ఒంటెల సంఖ్యను కాకుండా దాని వర్గమూలాన్ని ఒక అక్షరం అనుకోమంటారు. మూలం కాబట్టి మనం దాన్ని 'మ' అందాం. అప్పుడు మంద మొత్తం మ². అడవిలో ఉన్నవి మ²/4, కొండెక్కినవి 2మ, ఒడ్డున 15. ఈ మూడూ కలిస్తే మ². అన్నిటినీ నాలుగుతో హెచ్చవేసి ఒక పక్కకు తెస్తే

3మ² − 8మ − 60 = 0

అవుతుంది. ఇక్కడి నుంచి మధ్య పదాన్ని విడగొట్టాలి. ముందున్న 3నూ చివరన ఉన్న 60నీ హెచ్చవేస్తే 180. ఏ రెండు సంఖ్యల లబ్ధం 180, వాటి తేడా 8? పిల్లలు రఫ్ పేజీలో ఒక్కొక్క జతనే రాసుకుంటూ పోతారు. 5, 36 అయితే తేడా 31. 6, 30 అయితే 24. 9, 20 అయితే 11. 12, 15 అయితే 3, అంటే దాటిపోయాం. మధ్యలో వదిలేసింది 10, 18. తేడా 8. దొరికింది. ఇక −8మ ఉన్న చోట −18మ + 10మ అని రాస్తారు. మొదటి రెండు పదాల్లోంచి 3మ బయటికి తీస్తే 3మ(మ − 6), తర్వాతి రెండింట్లోంచి 10 బయటికి తీస్తే 10(మ − 6). రెండు చోట్లా అదే బ్రాకెట్ వచ్చిందంటే దారి తప్పలేదన్నమాట.

(మ − 6)(3మ + 10) = 0

రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటైనా సున్నా అయి తీరాలి. కాబట్టి మ = 6, లేదా మ = −10/3. రెండోదాన్ని నమ్ముకుంటే మందలో పదకొండు ఒంటెలూ, ఇంకో ఒంటెలో తొమ్మిదో వంతూ ఉండాలి! దాన్ని కొట్టేసి 6ను వర్గం చేస్తే 36.

పాఠ్యపుస్తకంలో వర్గ సమీకరణాల అధ్యాయం తెరిస్తే సాధించే పద్ధతుల్లో ముందు వచ్చేది ఈ కారణాంక పద్ధతే. ఆ తర్వాత వర్గాన్ని పూర్తి చేయడం, ఆ తర్వాత సూత్రం. ముందు సులువైనది, పోనుపోను కష్టమైనది అన్న లెక్కన అధ్యాయాన్ని అట్లా పేర్చారు. పాఠం చెప్పడానికి అది బాగానే ఉంటుంది. చరిత్రలో మాత్రం ఈ వరస తలకిందులు. సులువని ముందు నేర్పే పద్ధతే అన్నిటికంటే ఆలస్యంగా పుట్టింది.

మహావీరుడు ఒంటెల లెక్కను బ్రాకెట్లతో చేయలేదు. ఆయన నియమాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది. మందలో నాలుగో వంతు పోతే మిగిలేది ముక్కాలు. కొండెక్కిన లెక్కలో వర్గమూలానికి గుణకం 2; అందులో సగం 1. ఆ ఒకటిని ముక్కాలుతో భాగిస్తే 4/3. ఒడ్డున ఉన్న 15ను ముక్కాలుతో భాగిస్తే 20. ఇప్పుడు 4/3ను వర్గం చేసి 20కి కలిపితే 196/9. దానికి వర్గమూలం 14/3. దానికి మళ్లీ 4/3 కలిపితే 18/3, అంటే 6. ఆరు ఆర్లు ముప్పై ఆరు. ఎక్కడా జతల కోసం వెతుకులాట లేదు, ఊహించడం లేదు. నియమం కంఠతా వస్తే చాలు, సంఖ్యలు ఎంత వంకరగా ఉన్నా జవాబు వచ్చి తీరుతుంది. దీని లోపల ఉన్నది వర్గాన్ని పూర్తి చేయడమే. మన పుస్తకంలో రెండో పద్ధతి.

అది మహావీరుడి కంటే చాలా పాతది. బ్రిటిష్ మ్యూజియంలో మూడున్నర వేల ఏళ్లు పైబడిన బాబిలోనియా మట్టి పలక ఒకటుంది. అందులో మొదటి లెక్క: ఒక చదరం వైశాల్యానికి దాని భుజాన్ని కలిపితే ముక్కాలు అయింది, భుజం ఎంత? ఒకటిలో సగం తీసుకో, దాన్ని వర్గం చేసి ముక్కాలుకు కలుపు, ఒకటి వస్తుంది, దాని మూలం ఒకటి, అందులోంచి ఆ సగాన్ని తీసెయ్. జవాబు అర. వైశాల్యాన్నీ పొడవునూ కలపడమేమిటని మన రేఖాగణితం సారు కోప్పడతారేమో గాని, ఆ గుమాస్తాలకు ఆ పట్టింపు లేదు.

అమోఘవర్షుడు 814 నుంచి 878 దాకా ఏలాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథం రాశాడు. ఆయన పేరుమోసిన ఉదాహరణ: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పదింతలు కలిపితే 39. పదిలో సగం 5, దాని వర్గం 25, 39కి కలిపితే 64, మూలం 8, అందులోంచి 5 పోతే 3. మళ్లీ అదే దారి. రెండు రాజ్యాలకూ ఒకరి సంగతి ఒకరికి తెలియకపోలేదు. 851 నాటి అరబ్బు వర్తకుడు సులేమాన్ లోకంలోని నలుగురు మహారాజుల్లో ఒకడిగా 'బల్హరా'ను లెక్కవేశాడు. ఆ బల్హరా రాష్ట్రకూట రాజే. లెక్కలు ఆ ఓడల్లో అటూ ఇటూ ఎంత ప్రయాణం చేశాయన్నది వేరే కథ.

ఇంత తెలిసినవాళ్లు రెండు బ్రాకెట్ల దాకా ఎందుకు రాలేదు? నాకు తోచే కారణం ఒకటుంది. వాళ్ల దృష్టిలో సమీకరణం తక్కెడలాంటిది. ఒక పళ్లెంలో ఇన్ని, రెండో పళ్లెంలో అన్ని, ముల్లు మధ్యన నిలవాలి. అన్నిటినీ ఒకే పళ్లెంలోకి తెచ్చి రెండోదాన్ని ఖాళీగా ఉంచడమన్న ఆలోచన ఆ బొమ్మలో ఇమడదు. అల్ ఖ్వారిజ్మీకి రుణ సంఖ్యలతో పనిలేదు కాబట్టి ఒకే వర్గ సమీకరణాన్ని పదాలు ఏ పక్కన ఉన్నాయన్న దాన్నిబట్టి వేర్వేరు రకాలుగా విడగొట్టి, ఒక్కో రకానికి ఒక్కో నియమం చెప్పాల్సి వచ్చింది. ఒక పక్క సున్నా లేకపోతే కారణాంక పద్ధతికి ప్రాణం లేదు. (మ − 6)(3మ + 10) విలువ 7 అని తెలిస్తే దాన్నిబట్టి మనకు తెలిసేదేమీ లేదు. సున్నా అని తెలిస్తేనే తాళం ఊడుతుంది.

మన దగ్గర సున్నా ఉంది, రుణ సంఖ్యలూ ఉన్నాయి. వర్గ సమీకరణానికి రెండు జవాబులుంటాయని మహావీరుడికి తెలుసు. రుణ సంఖ్య దేనికీ వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. మూడు వందల ఏళ్ల తర్వాత వచ్చిన భాస్కరుడైతే ఈ రెండు జవాబులతో ముచ్చటగా ఆడుకున్నాడు. 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యుడే. ఆయన బీజగణితంలో కోతుల లెక్కలు రెండున్నాయి. మొదటిది: కోతుల గుంపులో ఎనిమిదో వంతును వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు తోపులో గెంతుతున్నాయి, మిగిలిన 12 కొండ మీద ఉన్నాయి. మన రాతలో చెప్పాలంటే

క² − 64క + 768 = 0

16, 48ల మొత్తం 64, లబ్ధం 768. అంటే (క − 16)(క − 48). సరిచూడండి: పదహారులో ఎనిమిదో వంతు 2, వర్గం 4, పన్నెండు కలిపితే 16. నలభై ఎనిమిదిలో ఎనిమిదో వంతు 6, వర్గం 36, పన్నెండు కలిపితే 48. గుంపు చిన్నదైనా సరే, పెద్దదైనా సరే. భాస్కరుడు రెండింటినీ ఒప్పుకున్నాడు.

రెండో లెక్కలో గుంపు ఐదో వంతులోంచి మూడు తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలో దూరాయి, ఒక్కటి మాత్రం చెట్టెక్కి కనబడుతోంది. సమీకరణం క² − 55క + 250 = 0. జవాబులు 50, 5. యాభై అయితే ఐదో వంతు 10, మూడు పోతే 7, వర్గం 49, పైనున్న ఒకటి కలిపితే 50. ఐదైతే ఐదో వంతు 1. అందులోంచి మూడు కోతులను ఎట్లా తీస్తాం? అంకెల ప్రకారం −2 వర్గం 4, ఒకటి కలిపితే 5, లెక్క కుదురుతుంది. కానీ లేని కోతులను లోకం ఒప్పదని భాస్కరుడు ఐదును పక్కన పెట్టేశాడు. పరీక్షలో 'రుణ విలువ కావున వదిలివేయడమైనది' అని ఒక వరస గిలికేసి మార్కు కొట్టేసే మన పిల్లలు ఆ వరసకు వెనక ఇంత ఆలోచన ఉందని ఎరగరు. ఇంతా చేసి భాస్కరుడి సాధన కూడా వర్గాన్ని పూర్తి చేయడమే. గుణకాన్ని నాలుగింతలు చేసి హెచ్చవేయమన్న శ్రీధరాచార్యుడి నియమాన్ని ఆయన పేరుపెట్టి మరీ ఉదహరించాడు. ఇవాళ్టి మన సూత్రం దాని రూపాంతరమే.

రెండు మూలాలూ చేతిలో ఉన్నా వాటిని రెండు బ్రాకెట్లుగా పేర్చి, మళ్లీ హెచ్చవేసి సమీకరణాన్ని తిరిగి పుట్టించవచ్చన్న చూపు పదిహేడో శతాబ్దపు యూరపులో తేటపడింది. థామస్ హారియట్ అనే ఇంగ్లిష్‌వాడు 1585లో ఓడెక్కి వర్జీనియా తీరం చూసి వచ్చినవాడు. ఆయన చనిపోయిన పదేళ్లకు, 1631లో, అచ్చయిన బీజగణిత గ్రంథంలో సమీకరణాలను బ్రాకెట్ల లబ్ధాలుగా కట్టి చూపించారు. ఆరేళ్లకు, 1637లో, డెకార్ట్ తన రేఖాగణితంలో అదే పని ఎంత తేటగా చేశాడంటే దాన్ని యథాతథంగా ఆసిఫాబాద్ బోర్డు మీద పెట్టొచ్చు. రాశి 2 అనుకో, అంటే రాశిలోంచి 2 తీస్తే సున్నా. అదే రాశి 3 అనుకో, అంటే దాంట్లోంచి 3 తీస్తే సున్నా. ఈ రెంటినీ హెచ్చవేస్తే రాశి వర్గంలోంచి అయిదు రాశులు తీసి, 6 కలిపితే సున్నా. అందులో 2, 3 రెండూ దాక్కుని ఉన్నాయి. ఇంకో బ్రాకెట్ తగిలిస్తే ఘన సమీకరణం, మూడు మూలాలు. రుణ మూలాలను ఆయనింకా 'దొంగ మూలాలు' అన్నట్టే మాట్లాడాడు గాని, వాటినీ బ్రాకెట్లలో కూర్చోబెట్టాడు. అప్పటికి మన గోల్కొండను ఏలుతున్నవాడు అబ్దుల్లా కుతుబ్‌షా. పదో తరగతి పిల్లలు పాతకాలపు పద్ధతి అనుకునే దాని వయసు అంతే!

మరి తెలుగువాళ్ల చేతికి ఇదంతా ఎప్పుడొచ్చింది? మహావీరుడి రోజుల్లో గోదావరికి దక్షిణాన వేములవాడను ఏలినవాళ్లు రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యులు. జైనానికి అక్కడ మంచి ఆదరణ ఉండేది. పంప కవి విక్రమార్జున విజయం రాసింది వేములవాడ అరికేసరి కొలువులోనే. పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనంలో సంస్కృత కన్నడాల పక్కన తెలుగు కంద పద్యాలున్నాయి, క్రీ.శ. 945 నాటివి. మహావీరుడి పుస్తకం వేములవాడ దాకా వచ్చిందనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు, ఆ మాట అనను. ఏలిక ఒకరే, మతం ఒకటే అన్నంతవరకే.

పుస్తకం తెలుగులోకి వచ్చింది మాత్రం తూర్పున. పావులూరి మల్లన దాన్ని సారసంగ్రహ గణితం పేరుతో తెలుగు పద్యాల్లో రాశాడు. ఆయనది పదకొండో శతాబ్దమని, రాజరాజ నరేంద్రుడి కాలమని పండితుల్లో ఎక్కువమంది మాట. నన్నయ భారతం తెలుగు చేస్తున్న రోజులవి. ఒక పక్క కథ, ఇంకో పక్క లెక్క. మల్లన మక్కికి మక్కి దించలేదు. శైవుడు కాబట్టి జైన సందర్భాలను మార్చి తనవి పెట్టుకున్నాడు, సొంత లెక్కలు చేర్చాడు. మన సాహిత్య చరిత్రలు నన్నయకు వంద పేజీలిచ్చి మల్లనను ఒక పేరాతో సరిపెట్టడం నాకెప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. తెలుగులో లెక్కల పుస్తకం తెలుగు కావ్యంతో పాటే పుట్టింది. మూల సంస్కృత గ్రంథం అచ్చులోకి రావడానికి మాత్రం 1912 దాకా ఆగాల్సి వచ్చింది. మద్రాసులో ఎం. రంగాచార్య రాతప్రతులను పోల్చి, ఇంగ్లిష్ అనువాదంతో ప్రచురించారు. ఒంటెల లెక్క ఇవాళ లోకమంతటికీ తెలుసంటే ఆయన చలవే.

పెద్దవాగు ఒడ్డున ఉన్న ఆసిఫాబాద్ సంగతి వేరు. పాత పేరు జనగామ. నిజాం కాలంలో కొన్నేళ్లపాటు ఇదే జిల్లా కేంద్రం, జిల్లా పేరు కూడా ఆసిఫాబాదే. ఇక్కడ సర్కారు పై తరగతుల చదువు ఉర్దూలో. 1917లో హైదరాబాదులో పెట్టిన అనువాద విభాగం గణితాన్నీ సైన్సునూ ఉర్దూలోకి తెచ్చింది, మరుసటి ఏడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా మొదలైంది. చుట్టూ ఊళ్లలో ఇళ్ల భాష తెలుగు, గోండి, కొలామి, మరాఠీ. అల్ ఖ్వారిజ్మీ పుస్తకం పేరులోని జబ్ర్, ముకాబలా అన్న మాటలే పై తరగతి దాకా వెళ్లగలిగిన కొద్దిమంది పిల్లలకు బీజగణితానికి పేరు. మల్లన పద్యాల్లో లెక్కలు కట్టిన తొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా ఇక్కడి తెలుగు పిల్లవాడు వర్గ సమీకరణాన్ని ఇంటి భాషలో చదవలేదు. మద్రాసు వైపు పిల్లలకు ఇంగ్లిష్, ఇటువైపు ఉర్దూ. ఉర్దూ చదువులో లోపముందని కాదు, దాంట్లో చదివి గణితంలో ఆరితేరినవాళ్లున్నారు. గడప దాటలేకపోయిన వాళ్ల లెక్క వేరు.

అడవిలో ఆ గడప ఇంకా ఎత్తు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. పట్టా కాగితంలో ఏముందో, సాహుకారు చిట్టాలో ఎంత రాశాడో తెలియక భూములు పోతున్నాయని చూశాక, 1943లో అక్కడే గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే పని మొదలైంది. పాఠాలు గోండిలోనే, అక్షరాలు దేవనాగరివి. చదవడం, రాయడం, లెక్కలు. ఆ బడుల్లో వర్గ సమీకరణాల ఊసు లేదు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎంత కట్టాం, ఎంత మిగిలింది అన్నది తెలిస్తే అదే పదివేలు. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. 2012లో హైమెన్‌డార్ఫ్ చితాభస్మాన్ని కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

నిజాం పాలన పోయాక బడి భాష తెలుగైంది. 1968లో తెలుగు అకాడమి వచ్చాక పై చదువుల పుస్తకాలూ, పారిభాషిక పదాలూ కుదురుకున్నాయి. 2016లో ఆసిఫాబాద్ మళ్లీ జిల్లా కేంద్రమైంది, ఈసారి కొమురం భీం పేరుతో. ఆశ్రమ పాఠశాలల్లో గోండు, కొలాం పిల్లలు ఇవాళ మధ్య పదాన్ని విడగొడుతున్నారు. సర్కారు బడుల్లోకి ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తాత ఉర్దూ, తండ్రి తెలుగు, మనవరాలు ఇంగ్లిష్. సమీకరణం మాత్రం అదే.

పిల్లలు ఈ పద్ధతిని నిజంగానే సులువనుకుంటారు. ఎందుకో ఒక చిన్న లెక్క చేస్తే తెలుస్తుంది. వర్గ పదానికి గుణకం 1 అనుకుందాం. మధ్య పదం గుణకం 1 నుంచి 10 దాకా ఏదైనా, చివరి సంఖ్య కూడా 1 నుంచి 10 దాకా ఏదైనా పెట్టుకోవచ్చు. అట్లా వంద సమాసాలు తయారవుతాయి. వీటిలో పూర్ణసంఖ్యలతో రెండు బ్రాకెట్లుగా విడిపోయేవి ఎన్ని? కూర్చుని జతలన్నీ రాస్తే పద్నాలుగు. మిగిలిన 86 ఎంత గుంజినా విడిపోవు. అభ్యాసంలోని లెక్కలన్నీ చక్కగా విడిపోతున్నాయంటే పుస్తకం రాసినవాళ్లు ఆ పద్నాలుగులోంచి ఏరి పెట్టబట్టే. మహావీరుడి నియమానికి ఆ ఏరివేత అక్కర్లేదు, వందా దానికి ఒకటే.

ఆసిఫాబాద్, కాగజ్‌నగర్, జైనూరు, కెరమెరి బడుల్లో లెక్కలు చెప్పే సార్లకూ మేడమ్‌లకూ ఒక మనవి. ఈ అధ్యాయం మొదలుపెట్టే రోజు పుస్తకం పక్కన పెట్టి, ముందు బోర్డు మీద ఒంటెల లెక్క ఇవ్వండి. రెండు దారుల్లోనూ చేయించండి. ఆ మర్నాడు, విడిపోని ఆ 86లోంచి ఒకదాన్ని చెప్పాపెట్టకుండా ఇచ్చి, జతల కోసం వాళ్లను పది నిమిషాలు వెతకనివ్వండి. సూత్రం ఎందుకు కావాల్సొచ్చిందో అప్పుడు వేరే చెప్పాల్సిన పనుండదు. తరగతిలో ఏం జరిగిందో మాకు రాయండి.